మేనేజర్‌గా తొలి ఏడాది: ‘చూద్దాంలే’ అనకుండా నెట్టుకురావడం ఎలా

బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు వెంబడి ఉన్న ఆఫీసుల్లో ఏటా ఏప్రిల్, మే నెలల్లో ఒక తంతు నడుస్తుంది. ఐదారేళ్లుగా కోడు బాగా రాస్తున్న ఒకరిని గదిలోకి పిలిచి, ఇకమీదట ఈ ఏడుగురూ మీకే రిపోర్ట్ చేస్తారని చెప్పి, టీమ్ మొత్తానికీ ఒక మెయిల్ పంపించి, అక్కడితో పైవాళ్లు చేతులు దులుపుకుంటారు. కోడు రాయడం నేర్పడానికి నాలుగేళ్ల ఇంజినీరింగూ, ఆపైన కంపెనీ ఇచ్చే శిక్షణా ఉన్నాయి గానీ, ఏడుగురు మనుషుల సెలవులు, అలకలు, ఆశలు, భయాలు చూసుకోవడానికి మాత్రం రెండు రోజుల వర్క్‌షాపు పెడితే పెడతారు, లేకపోతే లేదు. నేనూ అలాగే మేనేజర్‌ని అయ్యాను. అలా కొత్తగా అయినవారి కోసమే ఇది రాస్తున్నాను. మీరు సాఫ్ట్‌వేరులో కాక మరో రంగంలో ఉన్నా చాలా మటుకు పనికొస్తుంది.

అసలు మేనేజర్ అవసరమా అనే ప్రశ్న మీ టీములో కనీసం ఇద్దరి మనసులోనైనా ఉంటుంది, నిన్నటిదాకా మీ మనసులోనూ ఉండే ఉంటుంది. గూగుల్ సంస్థ 2002లో ఇంజినీరింగ్ మేనేజర్లను తీసేసి చూసింది. ఖర్చుల బిల్లుల దగ్గర్నుంచి మనుషుల మధ్య తగవుల దాకా అన్నీ నేరుగా వ్యవస్థాపకుడు లారీ పేజ్ దగ్గరికే రావడంతో ఆ ప్రయోగం కొన్ని నెలల్లోనే ముగిసింది. కొన్నేళ్ల తర్వాత అదే సంస్థ ‘ప్రాజెక్ట్ ఆక్సిజన్’ పేరుతో తన మేనేజర్ల అప్రైజల్ నివేదికలనూ ఉద్యోగుల సర్వేలనూ జల్లెడపట్టి, మంచి మేనేజర్లలో కనిపించే ఎనిమిది అలవాట్లను వరుసగా పేర్కొంది. మంచి కోచ్‌గా ఉండటం మొదటిది, ప్రతి చిన్న పనిలోనూ తల దూర్చకుండా ఉండటం రెండోది, టీముకు సలహా ఇవ్వగల సాంకేతిక పరిజ్ఞానం ఎనిమిదోది. మనకు పదోన్నతి తెచ్చిపెట్టిన గుణం ఆ వరుసలో అన్నిటికన్నా చివర ఉందన్నమాట.

నేను చూసినంతవరకు తెలుగువాళ్లం ఈ ఉద్యోగంలో ఎక్కువగా తడబడేది మొహమాటం దగ్గర. ఎదుటి మనిషి నొచ్చుకుంటాడేమోనని చెప్పవలసిన మాట చెప్పం, ఔననీ కాదనీ అనలేక ‘చూద్దాంలే’ అంటాం. జీతం గురించి అడిగితే చూద్దాంలే, ప్రాజెక్టు మార్చమంటే చూద్దాంలే. అడిగినవారికి అది సగం హామీలా వినిపిస్తుంది, అన్నవారికి మర్నాటికి గుర్తుండదు. కింద చెప్పబోయే పనులు చాలా వరకు ఆ ఒక్క మాటను వదిలించుకునే దారులే.

తొలి వారం: ఏం మారిందో మీరే చెప్పండి

నిన్నటిదాకా పక్క సీట్లో కూర్చుని మిమ్మల్ని ‘మామా’ అని పిలిచినవాడు, ఈ రోజు ఆ పిలుపు నోటిదాకా వచ్చి ఆగిపోయి, ఏమని పిలవాలో తెలియక అసలు పిలవడమే మానేస్తాడు. ఈ ఇబ్బందిని పైకి తేవలసినది మీరే, అతను కాదు. మెయిల్ వచ్చిన మొదటి వారంలోనే ఒక్కొక్కరితో అరగంట విడిగా కూర్చోండి. పిలుపులు మారనక్కర్లేదని చెప్పండి. మారేవేమిటో కూడా అదే అరగంటలో చెప్పండి: ఇకమీదట అతని రేటింగు రాసేది మీరే, కొన్ని సంగతులు మీకు తెలిసినా అతనికి చెప్పలేరు, చెప్పలేనప్పుడు ‘చెప్పలేను’ అంటారే తప్ప అబద్ధం చెప్పరు, అతను మీకు చెప్పిన సొంత విషయాలు మీ దగ్గరే ఉంటాయి.

మీతోపాటు ఆ పదవికి పోటీపడి రానివారు ఒకరుంటారు. వారితో మాత్రం మొదటి రోజే, అందరికన్నా ముందుగా మాట్లాడండి. ఓదార్పు మాటలు వద్దు. “మీరూ అడిగారని నాకు తెలుసు. ఈ టీములో మీ చేతిలో ఏ భాగం పూర్తిగా ఉండాలని అనుకుంటున్నారో చెప్పండి, ఏది ఇవ్వగలనో ఏది ఇవ్వలేనో వారంలోగా చెబుతాను” అంటే చాలు. వయసులో మీకన్నా పెద్దవారు మీకు రిపోర్ట్ చేస్తుంటే ఇప్పటిదాకా ‘గారు’ అన్నవారిని ఇకమీదటా ‘గారు’ అనే పిలవండి. పదవి వచ్చిందని గౌరవ వాచకం ఎగిరిపోతే అది ఫ్లోరంతా గమనిస్తుంది.

ఇంకొక చిన్న పని ఉంది. పాత స్నేహితుల వాట్సాప్ గ్రూపులోంచి చెప్పి బయటికి రండి. మేనేజర్‌ని తిట్టుకోవడానికి టీముకు ఒక చోటు కావాలి, ఆ మేనేజర్ ఇప్పుడు మీరు.

వారానికో అరగంట, ఒక్కొక్కరితో

వన్ ఆన్ వన్ అనే ఈ సమావేశాన్ని చాలామంది పని ఎక్కడిదాకా వచ్చిందో అడిగి ముగిస్తారు. ఆ సమాచారం పనుల వివరాలు నమోదు చేసే జిరా సాఫ్ట్‌వేరు టికెట్లో దొరుకుతుంది, దానికోసం మనిషిని కూర్చోబెట్టనక్కర్లేదు. ఈ అరగంట అవతలివారిది. వారానికొకసారి కుదరకపోతే రెండు వారాలకొకసారి పెట్టుకోండి గానీ, పెట్టుకున్నదాన్ని రద్దు చేయకండి. పైనుంచి పిలుపు వచ్చి తప్పనిసరిగా వెళ్లవలసి వస్తే అదే రోజు మరో సమయానికి మార్చండి. వరుసగా రెండుసార్లు రద్దయితే మీ క్యాలెండర్‌లో తన స్థానం ఎక్కడో అవతలివారికి అర్థమైపోతుంది.

కష్టమల్లా మొదటి నాలుగైదు సార్లే. “ఎలా ఉన్నారు?” అంటే “అంతా బాగానే ఉందండీ” అంటారు. మనవాళ్లలో పెద్దల ముందు ఇబ్బంది చెప్పుకోవడం ఫిర్యాదుగా, ఇంకా చెప్పాలంటే చేతకానితనంగా చెలామణి అవుతుంది. కాబట్టి ప్రశ్న మార్చండి. “ఈ వారం ఏ పని చేస్తున్నప్పుడు బాగా విసుగొచ్చింది?” అనో, “మీ చేతికి అధికారమిస్తే మన టీములో రేపటి నుంచి ఏ మీటింగ్ ఆపేస్తారు?” అనో అడిగి, ఆ తర్వాత మాట్లాడకుండా ఉండండి. ఆ మౌనం పది పదిహేను సెకన్లే ఉంటుంది గానీ చాలా పొడుగ్గా అనిపిస్తుంది. దాన్ని నింపేయాలనే తొందరలో నేను ఎన్నో జవాబులు పోగొట్టుకున్నాను. ఒకసారి నా టీములోని అమ్మాయి ఆ మౌనంలో కప్పు అంచును వేలితో రెండుసార్లు చుట్టి, మూడోసారి తల ఎత్తకుండానే, “రివ్యూలో నా కోడు మీద వచ్చే కామెంట్లు మిగతావాళ్ల కోడు మీద ఎందుకు రావో నాకు అర్థం కావడం లేదండీ” అంది. ఆ రాత్రి కూర్చుని మూడు నెలల రివ్యూలు, అంటే ఒకరి కోడును మరొకరు చూసి రాసిన వ్యాఖ్యలు, చూశాను. ఆమె అన్నది నిజమే. ఒక సీనియర్ ఆమె ఫైళ్లకు మాత్రమే పదేసి కామెంట్లు పెడుతున్నాడు.

గదులు దొరకకపోతే కింద దర్శినిలో, అంటే నిలబడి తినే చిన్న హోటల్లో, ఫిల్టర్ కాఫీ తాగుతూ మాట్లాడినా ఫరవాలేదు, మాట సులువుగా వస్తుంది కూడా. అయితే జీతం, ఆరోగ్యం, మరొకరిపై ఫిర్యాదు లాంటివి వస్తే అక్కడే ఆపి, తలుపున్న గదిలోకి వెళ్లండి. ఆ దర్శినిలో మీ పక్క బల్ల దగ్గర నిలబడ్డవారి మెడలోనూ మీ కంపెనీ ఐడీ కార్డే వేలాడుతుంటుంది.

సమావేశం అవగానే రెండు మూడు వాక్యాలు తేదీతో సహా రాసుకోండి: ఏం అడిగారు, మీరేం ఒప్పుకున్నారు, ఎప్పటికల్లా. తర్వాతి సమావేశం ఆ కాగితంతోనే మొదలవ్వాలి. ‘చూద్దాంలే’కి విరుగుడు ఇదే. “ప్రాజెక్టు మార్పు గురించి అడిగారు, డైరెక్టర్‌తో గురువారం మాట్లాడాను, అక్టోబరు దాకా కుదరదన్నారు, అక్టోబరు మొదటి వారంలో మళ్లీ అడుగుతాను” అన్నప్పుడు కోరిక తీరకపోయినా అవతలివారికి నమ్మకం మిగులుతుంది.

పని అప్పగించడం

కొత్త మేనేజర్లు రెండు రకాలుగా తప్పు చేస్తారు. ఒకరు పని ఇచ్చి ప్రతి గంటకూ వెనకాల వచ్చి నిలబడతారు, మరొకరు పని ఇచ్చి గడువు రోజున మాత్రమే కనిపిస్తారు. ఒకే మనిషి విషయంలో ఈ రెండూ సరైనవి కావచ్చు, పనిని బట్టి. ఎనిమిదేళ్ల అనుభవమున్న వ్యక్తి డేటాబేస్ పనిలో మీ సాయం అక్కర్లేనివాడే కావచ్చు గానీ, మొదటిసారి క్లయింట్‌తో నేరుగా మాట్లాడవలసి వచ్చినప్పుడు ఆ పనిలో ఫ్రెషరే. మనిషి సీనియారిటీని కాక, ఆ పనిలో ఆ మనిషి సీనియారిటీని చూడండి.

అప్పగించేటప్పుడు కొన్ని సంగతులు నోటితో చెప్పి, తర్వాత నాలుగు వాక్యాల్లో రాసి పంపండి: కావలసిన ఫలితం ఏమిటి, ఎప్పటికి, పని అయిందని దేన్నిబట్టి అంటాం, ఏ నిర్ణయాలు అడగకుండా తీసుకోవచ్చు, ఏ పరిస్థితి వస్తే ఆగి మీ దగ్గరికి రావాలి. చివరి రెండింటినీ అందరూ మరిచిపోతారు. “బిల్లు పీడీఎఫ్‌లో తప్పు సరిచేయండి, శుక్రవారానికి” అంటే సగమే చెప్పినట్టు. “ఫాంటు, వరుస, రంగులు మీ ఇష్టం, పన్ను లెక్క జోలికి వెళ్లవలసి వస్తే మాత్రం ముట్టుకోకుండా నాకు చెప్పండి, బుధవారం సాయంత్రానికి సగం కూడా కాకపోతే బుధవారమే చెప్పండి, శుక్రవారం కాదు” అంటే పూర్తయినట్టు. చివరగా “అర్థమైందా?” అని అడగవద్దు, ఎవరైనా అర్థమైందనే అంటారు. “ముందుగా ఎక్కడ మొదలుపెడతారు?” అని అడిగితే అర్థమైందో లేదో మీకే తెలుస్తుంది.

మీరు గంటలో చేసేసే పని అతనికి రెండు రోజులు పట్టడం చూస్తూ కూర్చోవడం ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన భాగమని నాకనిపిస్తుంది. రాత్రి పదకొండింటికి లాప్‌టాప్ తెరిచి మీరే సరిచేసి పడేస్తే మర్నాడు పని ముందుకు కదులుతుంది, మనిషి మాత్రం ఉన్నచోటే ఉండిపోతాడు.

తప్పు చెప్పడం: రెండు రోజుల్లో, విడిగా, జరిగినదాన్ని బట్టి

నేను మేనేజర్‌నైన రెండో ఏడాది నా టీములో ఒంగోలు నుంచి వచ్చిన కుర్రాడు ఉండేవాడు. నెమ్మదస్తుడు, నన్ను అన్నా అని పిలిచేవాడు, ఊరెళ్లి వచ్చినప్పుడల్లా వాళ్లమ్మ పెట్టిన గోంగూర పచ్చడి సీసా నా బల్ల మీద పెట్టేవాడు. కోడు సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే టెస్టులు రాయకుండానే కోడు పంపించేసే అలవాటు ఉండేది. మార్చిలోనే గమనించాను. ఒకసారి నేనే సరిచేశాను, ఇంకోసారి పక్కవాళ్లు విసుక్కుంటూ సరిచేశారు, ప్రతిసారీ ‘ఇవాళ వద్దులే, మంచివాడు, మెల్లగా నేర్చుకుంటాడు’ అనుకుంటూ ఎనిమిది నెలలు గడిపేశాను. రేటింగులు చెప్పే రోజు వచ్చింది. అతనికి వచ్చింది కింది నుంచి రెండోది. కాగితం చదివి, కాసేపు ఆగి, గొంతు పెంచకుండా ఒక్కటే అడిగాడు: “అన్నా, ఇది మార్చిలోనే చెప్పి ఉంటే మార్చుకునేవాణ్ణి కదా?” నా దగ్గర జవాబు లేదు. నేను దయ అనుకున్నది నిజానికి నా సౌకర్యం. ఆ ఇంక్రిమెంటు అతను కోల్పోయింది టెస్టులు రాయనందుకు ఎంతో, నేను నోరు విప్పనందుకూ అంతే.

అందువల్ల ఇప్పుడు నేను పాటించే పద్ధతి ఇది. తప్పు కంటపడిన రెండు పని దినాల్లోగా చెప్పాలి. కోపంలో ఉంటే ఒక రాత్రి ఆగవచ్చు, రెండో రాత్రి ఆగకూడదు. విడిగా, ముఖాముఖి చెప్పాలి. చాట్‌లో రాస్తే అవతలివారు దాన్ని తమకు తోచిన గొంతుతో చదువుకుంటారు, సాధారణంగా ఆ గొంతు మీ గొంతుకన్నా కటువుగా ఉంటుంది. ఎప్పుడు జరిగింది, ఏం జరిగింది, దానివల్ల ఏమైంది అని చెప్పి, ఆపైన ప్రశ్న వేసి ఆగాలి. ఉదాహరణకు:

“మంగళవారం క్లయింట్ కాల్‌లో రిపోర్టు సిద్ధంగా ఉందన్నారు. తర్వాత తెరిచి చూస్తే రెండు పట్టికలు ఖాళీగా ఉన్నాయి. బుధవారం ఉదయం వాళ్లు అడిగితే నేను ఏమీ చెప్పలేకపోయాను. ఏం జరిగిందండీ?”

ఇందులో ‘నిర్లక్ష్యం’ అనే మాట లేదు, ‘మీరెప్పుడూ ఇంతే’ అనే మాటా లేదు. మనిషి స్వభావం మీద తీర్పు చెబితే అతను తనను తాను కాపాడుకోవడంలో మునిగిపోతాడు. జరిగినదాన్ని చెబితే దాని గురించి మాట్లాడతాడు. ఒక్కోసారి ఆ ప్రశ్నకు వచ్చే జవాబు మీ అంచనానే తలకిందులు చేస్తుంది: ఆ పట్టికలకు డేటా పంపవలసిన పక్క టీము పంపలేదని, మీకు మెయిల్ పెట్టాడని, మీరే చూడలేదని తేలవచ్చు. అప్పుడు “ఆ మెయిల్ చూడకపోవడం నా పొరపాటు” అని అక్కడికక్కడే అనండి.

ఒక పొగడ్త, మధ్యలో విమర్శ, చివర మళ్లీ పొగడ్త అనే పద్ధతిని వర్క్‌షాపుల్లో నేర్పుతుంటారు. నాకది నచ్చదు. సున్నితమైనవారికి మధ్యలోదే వినిపిస్తుంది, ధీమా ఉన్నవారికి అటూ ఇటూ ఉన్నవే వినిపిస్తాయి, ఇద్దరికీ మీ పొగడ్త మీద నమ్మకం పోతుంది. మెచ్చుకోవలసినది ఉంటే అది జరిగిన రోజునే, వీలైతే నలుగురిలో, ఏం చేశారో పేరుపెట్టి మెచ్చుకోండి. ‘గుడ్ జాబ్’ అనడం కన్నా “నిన్న సర్వర్ పడిపోయినప్పుడు క్లయింట్‌కు ప్రతి ఇరవై నిమిషాలకూ మీరు పంపిన సమాచారం వల్లే వాళ్లు పైకి ఫిర్యాదు చేయలేదు” అనడంలో బరువుంది.

సర్వర్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. హార్వర్డ్‌కు చెందిన పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్లను పరిశీలించినప్పుడు, కలిసికట్టుగా బాగా పనిచేసే బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదైనట్టు కనిపించింది. లోతుగా చూస్తే, ఆ బృందాలు జరిగిన పొరపాటును దాచకుండా చెప్పుకుంటున్నాయని తేలింది. మీ టీములో మూడు నెలలుగా ఎవరూ ఏ పొరపాటూ చెప్పలేదంటే సంతోషించే ముందు, క్రితంసారి చెప్పినవారితో మీరు ఎలా ప్రవర్తించారో ఒకసారి గుర్తుచేసుకోండి.

మన భాష, మనవాళ్లు

బెంగళూరులో తొమ్మిది మంది టీములో నలుగురైదుగురు తెలుగువాళ్లు ఉండటం మామూలే. మేనేజర్ కూడా తెలుగువారైతే ఒక చిక్కు వస్తుంది. బల్ల దగ్గర నిలబడి తెలుగులో రెండు నిమిషాలు మాట్లాడుకుని ఒక నిర్ణయానికి వచ్చేస్తాం, పక్కన కూర్చున్న కన్నడ అమ్మాయికీ బెంగాలీ అబ్బాయికీ ఆ నిర్ణయం మర్నాడు ఎవరి ద్వారానో తెలుస్తుంది. మనకు దురుద్దేశం లేదు, కానీ వాళ్ల వైపు నుంచి చూస్తే ఆఫీసులో మరో చిన్న ఆఫీసు ఉన్నట్టే. భోజనాల దగ్గర తెలుగు మాట్లాడుకోండి, ఎవరూ కాదనరు. పని మాట వచ్చినప్పుడు మాత్రం తెలుగు రానివారు ఒక్కరు వినికిడి దూరంలో ఉన్నా భాష మార్చండి, తీసుకున్న నిర్ణయాన్ని అదే రోజు అందరికీ రాతపూర్వకంగా పంపండి.

ఇంకొక పరీక్ష కూడా పెట్టుకోండి. గడిచిన ఆరు నెలల్లో పేరు తెచ్చే పనులు, అంటే కొత్త డిజైన్లు, క్లయింట్ ముందు ప్రదర్శనలు, ఆన్‌సైట్ ప్రయాణాలు (క్లయింట్ ఉన్నచోటికి వెళ్లి పనిచేయడం) ఎవరెవరికి వెళ్లాయో కాగితం మీద రాయండి. రాత్రి డ్యూటీలు, పాత కోడు మరమ్మతులు ఎవరికి వెళ్లాయో పక్కనే రాయండి. మొదటి వరుసలో తెలుగు పేర్లే కనిపిస్తే మీ టీముకు అది మీకన్నా ముందే తెలుసు. ‘మనవాడే కదా’ అన్న ధీమాతో రాత్రి డ్యూటీలన్నీ తెలుగు కుర్రాళ్ల నెత్తిన రుద్దే మేనేజర్లనూ చూశాను, అదీ పక్షపాతమే. ఇక కోస్తా, సీమ, తెలంగాణ యాసల మీద జోకులు మానేయండి. నవ్వినవారందరూ సరదాకే నవ్వారనుకోవద్దు.

సెలవులు, రాత్రి కాల్స్

కర్ణాటకలో చాలా ఆఫీసులకు సంక్రాంతికి ఒక్కరోజే సెలవు, మనకేమో భోగి నుంచి కనుమ దాకా పండుగ. అదే వారం తమిళులకు పొంగల్. రైలు టికెట్లు 60 రోజుల ముందు మొదలవుతాయి. 2024 నవంబరుకు ముందు ఈ గడువు 120 రోజులుండేది. అంటే జనవరి 12న బయలుదేరవలసినవారు నవంబరు రెండో వారంలో ఉదయం 8 గంటలకు సిద్ధంగా కూర్చోవాలి. సెలవు దొరుకుతుందో లేదో తెలియకుండా టికెట్ ఎలా కొంటారు? కాబట్టి నవంబరు మొదటి వారంలోనే జనవరి సెలవుల పట్టిక వేయండి. ఆ వారం ఎవరు ఆగాలో అందరి ముందూ మాట్లాడి తేల్చండి. సంక్రాంతికి ఆగినవారికి ఉగాదికి మొదటి హక్కు అని రాసిపెట్టుకోండి, ఓణం, దసరా కూడా ఇదే పట్టికలోకి రావాలి. సెలవు అడిగిన కారణాన్ని తరచి తరచి ప్రశ్నించవద్దు. కారణం అడిగే కొద్దీ చనిపోయిన తాతలే మళ్లీ చనిపోతుంటారు.

అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం 8 గంటలకు పెట్టిన కాల్ వాళ్ల వేసవిలో మనకు రాత్రి 8:30కి వస్తుంది. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పగానే అదే కాల్ 9:30 అవుతుంది, మార్చి రెండో ఆదివారం దాకా అంతే. ఆ ఒక్క గంట తేడాతో చిన్న పిల్లలున్నవారి ఇంట్లో రాత్రి భోజనాలూ నిద్రా అన్నీ తారుమారవుతాయి. నవంబరు వచ్చేలోపు అవతలివారితో మాట్లాడి కాల్‌ను ముందుకు జరపమని అడగండి. ఒప్పుకోకపోతే టీములో వంతులు వేయండి, ఆ వంతుల్లో మీరూ ఉండండి. రాత్రి వంతు చేసినవారిని మర్నాడు ఉదయం తొమ్మిదింటికి సిల్క్ బోర్డ్ కూడలి ట్రాఫిక్ దాటుకుని రమ్మనడం అన్యాయం.

మీరు తీర్పు చెప్పకూడనివి

ఎవరైనా మహిళా ఉద్యోగి లైంగిక వేధింపు గురించి మీకు చెబితే మీ పని సర్దిచెప్పడం కాదు. 2013 నాటి చట్టం ప్రకారం పది మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు, తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలలు గడువు ఇవ్వగలదు. మీరు పూర్తిగా వినండి, కమిటీ సంగతీ గడువు సంగతీ ఆమెకు స్పష్టంగా చెప్పండి, అవతలి వ్యక్తిని పిలిచి మీ అంతట మీరు విచారించకండి, టీములో ఎవరితోనూ అనకండి. ‘వాడు అలాంటివాడు కాదే’ అనే మాట నోట్లోంచి రానివ్వకండి.

ప్రసూతి సెలవు 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలయింది. అది కంపెనీ దయ కాదు, చట్టం. వెళ్లేముందు పనులు ఎవరికి అప్పగించాలో ఆమెతోనే కూర్చుని రాయండి, తిరిగి వచ్చాక ఏ పని చేతిలో ఉంటుందో అప్పుడే చెప్పండి, ఆ ఏడాది రేటింగును ఆమె పనిచేసిన నెలలను బట్టే వేయండి.

రేటింగులు

ఏడాది చివర కూర్చుని రాస్తే చివరి రెండు నెలలే గుర్తుంటాయి. ఫిబ్రవరిలో రెండు రాత్రులు మేలుకుని సర్వర్ నిలబెట్టినవారిని డిసెంబరు వచ్చేసరికి మరిచిపోతాం. వన్ ఆన్ వన్ కాగితాలు ఇక్కడ అక్కరకొస్తాయి. మేనేజర్లందరూ కూర్చుని రేటింగులు సరిపెట్టే సమావేశానికి, కొందరు దాన్ని నార్మలైజేషన్ అంటారు, ఒక్కొక్కరికి ఒక పేజీ చొప్పున తేదీలతో ఆధారాలు పట్టుకెళ్లండి. అక్కడ ‘చాలా కష్టపడతాడండీ’ అన్న మాటకు విలువ ఉండదు. మీ టీములో అందరికీ పైరేటింగు రాదు, ఎవరి కోసం పట్టుబట్టాలో ముందే నిశ్చయించుకోండి.

ఫలితం చెప్పే రోజున మొదటి రెండు నిమిషాల్లోనే రేటింగు చెప్పేయండి. వాతావరణం గురించి మాట్లాడుతూ పది నిమిషాలు సాగదీస్తే అవతలివారి గుండె అంతసేపూ కొట్టుకుంటూనే ఉంటుంది. ‘నేను మంచిదే ఇచ్చాను, పైవాళ్లు తగ్గించారు’ అనవద్దు. ఈ మాట అనాలనే కోరిక చాలా బలంగా పుడుతుంది, అన్న క్షణంలో హాయిగానూ ఉంటుంది, కానీ ఆ తర్వాత మీ మాటతో ఏ పనీ కాదని మీరే చాటుకున్నట్టవుతుంది. ఆ గదిలో అవతలివారు మొదటిసారి వింటున్న విమర్శ ఒక్కటి కూడా ఉండకూడదు.

రాజీనామా వచ్చిన రోజు

ఎంత బాగా చూసుకున్నా మనుషులు వెళతారు. ఇది మీకు జరిగిన ద్రోహం కాదు. ‘నీకోసం ఇంత చేశానే’ అనే మాట గొంతు దాటనివ్వకండి. మొదటి రోజు కారణం మాత్రం విని, మర్నాడు మాట్లాడదామని చెప్పండి. జీతం కోసమే అయితే మీరు ఎంతవరకు ఇప్పించగలరో పైవాళ్లను అడిగి, రెండు రోజుల్లో ఔననో కాదనో చెప్పండి. వెళ్లడానికి కారణం పని నచ్చకపోవడమో, మీరే కావడమో అయితే డబ్బు పెంచి ఆపడం వల్ల కొన్ని నెలలు గడుస్తాయి, అంతకుమించి ఏమీ జరగదు. మన దగ్గర చాలా కంపెనీల్లో నోటీసు 60 నుంచి 90 రోజులు ఉంటుంది. అంతకాలం మనసు వెళ్లిపోయిన మనిషిని పట్టి ఉంచడం టీముకూ మంచిది కాదు. కేటీ (తన పని మరొకరికి నేర్పి అప్పగించడం) పట్టిక వారాలవారీగా వేసి, అది పూర్తవగానే వీలైతే ముందే వదిలేయమని హెచ్‌ఆర్‌ను మీరే అడగండి. చివరి రోజున కేకు కోయించడంతో పాటు, అతను ఏం నిలబెట్టి వెళ్తున్నాడో రెండు వాక్యాలు నలుగురిలో చెప్పండి.

ఆ తర్వాత రెండు మూడు నెలలకు ఒకసారి ఫోన్ చేసి, “నేను నీకు చెప్పకుండా దాటేసినదేమైనా ఉందా?” అని అడగండి. ఒంగోలు కుర్రాడు మరో కంపెనీకి మారాక నేను అడిగాను. టెస్టుల సంగతి ఎత్తుతాడేమో అనుకున్నాను. అతను ఆన్‌సైట్ సంగతి ఎత్తాడు. “నాలుగుసార్లు అడిగానన్నా, నాలుగుసార్లూ చూద్దాంలే అన్నావు” అన్నాడు. నాకు రెండుసార్లే గుర్తున్నాయి. ఈ ప్రశ్న మాత్రం రిలీవింగ్ లెటరూ ఆఖరి జీతం బకాయిలూ అతని చేతికి అందిన తర్వాతే అడగండి, అంతకుముందు అడిగితే ‘అంతా బాగానే ఉందండీ’ అనే జవాబే వస్తుంది.